కనకాంగి రాగానికి పియానో మీద ఎడమ చేత్తో ఏం పట్టాలి?
అన్నా, మాది కావలి. కర్ణాటక సంగీతంలో 1వ మేళకర్త (ఏడు స్వరాలూ ఉండే మూల రాగం) కనకాంగి పియానో మీద వాయిస్తన్నా, సి ని స అనుకుంటే సి, సి షార్ప్, డి, ఎఫ్, జి, జి షార్ప్, ఏ, పై సి. కుడి చెయ్యి 1-2-3-4, జి మీద మళ్ళీ బొటనవేలు, టెంపో 80 దాకా బాగానే పోతా ఉంది, తంటా అంతా ఎడమ చేత్తోనే. సి మేజర్ కార్డ్ పడితే అంతర గాంధారం (ఇ), సి మైనర్ పడితే సాధారణ గాంధారం (ఇ ఫ్లాట్) వచ్చేస్తాయి, రెండూ ఇందులో లేవు. ఎఫ్ మైనర్ స్వరాలన్నీ రాగంలోవే గానీ అది పట్టగానే చెవికి మధ్యమమే షడ్జంలాగా అనిపిస్తా ఉంది, ఇంక కనకాంగి యాడుంది! ఉత్త సి, జి పట్టుకుంటే డి మీద ఆగినప్పుడు బోసిగా ఉంటది. మా సార్ని అడిగితే మాయామాళవగౌళ (మొదటి పాఠాలు నేర్పే రాగం) వాయించుకోపో అన్నాడు. స ఆధారం పోకుండా, డి మీద నిలిచినప్పుడు ఎడమ చేత్తో ఏ నోట్స్ పట్టాలి?