12 రోజుల బాబుకు టంగ్ టై: ఇప్పుడే కోయించాలా, ఆగాలా?

తొలికాన్పు_ఖమ్మం | సోమవారం, రాత్రి 11:50

అందరికీ నమస్కారం. నాకిది మొదటి కాన్పు, సిజేరియన్. బాబుకు ఈరోజుతో 12 రోజులు నిండాయి. పుట్టినప్పుడు 2.900 కిలోలు ఉన్నాడు. ఐదో రోజుకు 2.640కి దిగాడు. ఈరోజు తూస్తే 2.730 వచ్చింది.

టంగ్ టై అంటే, నాలుక కింద పొర దాదాపు కొన వరకు అతుక్కుని ఉంది. ఏడ్చినప్పుడు నాలుక కొన మధ్యలో నొక్కు పడి, రావి ఆకు తొడిమ దగ్గర ఎలా ఉంటుందో అలా కనిపిస్తుంది. కింది చిగురు దాటి బయటికి రాదు. పాలు తాగుతున్నంతసేపూ టక్ టక్ మని చప్పుడు. ఒక్కో విడతకు ముప్పావు గంట పడుతోంది, పావుగంటకే మళ్లీ ఏడుపు. నా రెండు చనుమొనలూ పగిలాయి. సాయంత్రం వాడు వదిలాక చూసుకుంటే చనుమొన గుండ్రంగా లేదు, కలం పాళీలా ఏటవాలుగా నొక్కుకుపోయి తెల్లగా ఉంది.

పిల్లల డాక్టరు ఆగమన్నారు. పిల్లల సర్జన్ ఆ పొర కోయడం రెండు నిమిషాల పని, చేయించండి అన్నారు. పసిగుడ్డు నోట్లో కత్తెర పెట్టనివ్వనని మా అమ్మ. ఇప్పుడు కోయించకపోతే నత్తి వస్తుందని మా అత్తయ్య. మా వారు హైదరాబాద్ నుంచి ఫోనులో, డాక్టరు ఎలా అంటే అలా అంటున్నారు. ఇద్దరు డాక్టర్లు రెండు మాటలు చెబితే ఏం చేయాలి?

మల్లెపందిరి | సోమవారం, రాత్రి 12:15

చెల్లీ, కోయించు. మా రెండో వాడికి తొమ్మిదో రోజున చేయించాం. గుడ్డలో చుట్టి పట్టుకున్నారు, నాలుక పైకెత్తి చిన్న కత్తెరతో ఒక్కసారి. రెండు చుక్కల రక్తం. వెంటనే రొమ్ముకు పట్టించారు, ఏడుపు ఆపేశాడు. నాలుక కింద తెల్లటి మచ్చలా కట్టి పదిరోజుల్లో మానింది. బ్రిటన్‌లో చికిత్సలపై డాక్టర్లకు మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2005లోనే ఈ కోత విషయంలో భద్రతపరంగా పెద్ద భయాలు లేవని చెప్పింది. ఆలస్యం చేసిన కొద్దీ నీ పాలు తగ్గిపోతాయి.

లెక్కల_మాస్టారు | మంగళవారం, ఉదయం 5:40

అమ్మా, తొందరపడవద్దు. నేను డాక్టరును కాను, 34 ఏళ్లు లెక్కలు చెప్పినవాడిని. కానీ ఈ విషయం నా ఇంట్లో జరిగింది కాబట్టి శ్రద్ధగా చదివాను.

కాక్రేన్ సంస్థ 2017లో ఈ కోతపై జరిగిన పరీక్షలన్నిటినీ ఒకచోట చేర్చి చూసింది. మొత్తం ఐదు పరీక్షలు, 302 మంది శిశువులు. అంతే. బిడ్డ పాలు తాగడం మెరుగుపడిందని నిలకడగా తేలలేదు. ఆ తర్వాత బ్రిటన్‌లో ఫ్రాస్టీ అనే పరీక్ష మొదలుపెట్టారు, 2023లో ఫలితాలు వచ్చాయి. కొందరికి కోత, కొందరికి పాలిచ్చే పద్ధతిలో సాయం మాత్రమే. మూడు నెలలకు రెండు వైపులా నూటికి దాదాపు 90 మంది తల్లులు చనుబాలు ఇస్తూనే ఉన్నారు. తేడా ఎక్కడ? నైస్ వారు భద్రత గురించి చెప్పిన మాట నిజమే, ఫలితానికి ఆధారాలు పరిమితమని కూడా అదే పత్రంలో ఉంది.

మీ బాబు బరువు 2.640 నుంచి 2.730కి పెరిగింది. పెరుగుతున్న బిడ్డకు కత్తెర ఎందుకు?

కృష్ణవేణి_తెనాలి | మంగళవారం, ఉదయం 7:05

వస కొమ్ము తేనెలో అరగదీసి నాలుకకు రాయండి. మా ఇంట్లో నాలుగు తరాలుగా రాస్తున్నాం, అందరికీ మాటలు స్పష్టంగా వచ్చాయి.

నర్సమ్మ_ఏలూరు | మంగళవారం, ఉదయం 8:30

32 ఏళ్లు ప్రసూతి వార్డులో చేసి రిటైరయ్యాను. ముందు వస సంగతి. వద్దు తల్లీ. వస రాశాక వాంతులు చేసుకుంటూ, మత్తుగా పడి ఉన్న పసిపిల్లలను నా చేతులతో చూసుకున్నాను. తేనె ఏడాది నిండేవరకు నాలుకకు తగలకూడదు. వస పొరను వదులు చేయదు కూడా.

మాస్టారు గారూ, మీరు లెక్కలు చెప్పిన మనిషి, ఈ లెక్క ఒకసారి చూడండి. ఏడు రోజుల్లో 90 గ్రాములు. రోజుకు 13. ఈ వయసులో 25 నుంచి 30 గ్రాములు రావాలి. రెండు వారాల లోపు పుట్టిన బరువు తిరిగి అందుకోవాలి. ఈ బాబుకు ఇంకా 170 గ్రాములు తక్కువ. పెరుగుతున్నాడు, నిజమే, చాలినంత పెరగడం లేదు.

తొలికాన్పు తల్లీ, రోజుకు ఎన్ని గుడ్డలు తడుపుతున్నాడు? ఐదో రోజు దాటాక ఆరుకు తగ్గకూడదు. పుట్టగానే రక్తం గడ్డకట్టేందుకు విటమిన్ కె సూది వేశారా? కోత అనుకుంటే అది ముందు తెలియాలి. ఇంట్లో ఎవరికైనా రక్తం గడ్డకట్టని జబ్బు ఉందా? అన్నిటికన్నా ముఖ్యం, నువ్వు పాలిస్తుండగా పక్కన కూర్చుని మొదటి నుంచి చివరి దాకా ఎవరైనా చూశారా?

తొలికాన్పు_ఖమ్మం | మంగళవారం, ఉదయం 10:10

ఐదు గుడ్డలు, ఒక్కోరోజు నాలుగు. విటమిన్ కె వేశారు, కార్డులో రాసి ఉంది. రక్తం జబ్బు మా రెండు వైపులా లేదు. పాలిస్తుండగా ఎవరూ చూడలేదు. ఇద్దరు డాక్టర్లూ నోరు తెరిచి నాలుక చూశారు. ఆశా కార్యకర్త మూడో రోజు, ఏడో రోజు వచ్చి బరువు చూసి రాసుకున్నారు.

నర్సమ్మ_ఏలూరు | మంగళవారం, ఉదయం 10:25

నాలుగంటే తక్కువ. ఈరోజే పిల్లల డాక్టరుకు ఈ మాట చెప్పు, రేపటికి వాయిదా వేయవద్దు. పాలు పిండి ఉగ్గుగిన్నెతో పట్టు, నీ పాలే. కోత సంగతి తర్వాత, ముందు కడుపు నిండాలి.

రవళి_కరీంనగర్ | మంగళవారం, మధ్యాహ్నం 1:15

అత్తగారి మాట కొట్టిపారేయకండి. మా బాబుకు నాలుగేళ్లు, రాముడిని లాముడు అంటాడు. చిన్నప్పుడే కోయించి ఉంటే ఈ బాధ ఉండేది కాదు.

లెక్కల_మాస్టారు | మంగళవారం, మధ్యాహ్నం 2:00

నాలుగేళ్ల పిల్లలు చాలామంది అలాగే అంటారు. ర ఆలస్యంగా వచ్చే అక్షరం. నా తరగతిలో ఆరో ఏట కూడా ల అనే పిల్లలు ఉండేవారు, వాళ్ల నాలుక కింద ఏమీ లేదు. నత్తి పూర్తిగా వేరు. మాట తడబడడం నాలుక పొర వల్ల రాదు. మాటల కోసమని ముందుగానే పసిబిడ్డకు కోయాలనడానికి గట్టి ఆధారం లేదు. నత్తి భయం చూపించి కోయించడం అన్యాయం.

రవళి_కరీంనగర్ | మంగళవారం, మధ్యాహ్నం 2:20

మా వాడికి ళ కూడా రాదు. నాలుక వెనక్కి మడవలేడు.

నర్సమ్మ_ఏలూరు | మంగళవారం, మధ్యాహ్నం 3:00

రవళీ, మీ వాడిని స్పీచ్ థెరపిస్టుకు చూపించు. నాలుగేళ్ల వయసులో అడగవలసిన ప్రశ్న అది. 12 రోజుల వాడికి ప్రశ్న పాలే.

మల్లెపందిరి | మంగళవారం, సాయంత్రం 6:40

మాస్టారు గారూ, ఫ్రాస్టీ గురించి సగమే చెప్పారు. ఆ పరీక్షకు అనుకున్నంత మంది దొరకక 169 మందితోనే ఆపేశారు. సాయం మాత్రమే పొందవలసిన వర్గంలో కూడా నూటికి 70 మందికి పైగా చివరికి కోయించుకున్నారు. రెండు వైపులా కోయించుకున్నవాళ్లే ఉంటే తేడా ఎలా కనిపిస్తుంది? వాళ్లెందుకు ఆగలేకపోయారో అడిగారా?

లెక్కల_మాస్టారు | మంగళవారం, రాత్రి 8:10

ఆ లోపం ఒప్పుకుంటాను. దాని అర్థం కోత పనిచేస్తుందని కాదు, మనకు ఇంకా తెలియదని. తెలియనప్పుడు పసివాడి నోట్లో కత్తెర పెట్టకపోవడమే పద్ధతి.

ఇక నొప్పి. మొదటి కాన్పులో చాలామందికి ఉండేదే, మూడు నాలుగు వారాల్లో అదే సర్దుకుంటుంది. కొంచెం ఓర్చుకోవాలి. మా అమ్మ ఐదుగురికి పాలిచ్చింది, ఒక్కరోజూ నోరెత్తలేదు.

మల్లెపందిరి | మంగళవారం, రాత్రి 8:32

నోరెత్తలేదా, ఎత్తితే వినేవాళ్లు లేరా?

ఈ ఓర్చుకోవాలి అనే మాట నాకు చెప్పకండి. నా పెద్దమ్మాయికి కోయించలేదు. 40 రోజులు పాలిచ్చిన ప్రతిసారీ పమిట కొంగు పళ్ల మధ్య బిగించి పట్టుకున్నాను. ఆ కొంగుకు చిల్లులు పడ్డాయి, ఇప్పటికీ ఆ చీర బీరువాలో ఉంది. డాక్టరు దగ్గరికి వెళ్తే పాపను తూచేవారు. బరువు బాగుంది, ఇబ్బందేమీ లేదు అనేవారు. నా వైపు చూసేవారు కాదు. రొమ్ములో చీము పట్టింది, కోసి తీశారు. అప్పుడు నాకు పెట్టిన కత్తి గురించి ఎవరూ బాధపడలేదు. తర్వాత పోతపాలకు మారాం. బిడ్డకు పాలివ్వడం చేతకాలేదని మా ఇంట్లో పెళ్లిళ్లలో కూడా అన్నారు.

మీ కాక్రేన్ పత్రమే మళ్లీ చదవండి. తల్లి నొప్పి తగ్గిందని అందులో ఉంది. ఆ ఒక్క విషయంలోనే ఫలితం కనిపించింది. మీరు ఇక్కడ రాసినప్పుడు ఆ వాక్యం వదిలేశారు. అది మీకు ఫలితంగానే అనిపించలేదు.

సుబ్బలక్ష్మి_నెల్లూరు | మంగళవారం, రాత్రి 8:50

చదువుతుంటే ఏడుపు వచ్చింది. నాదీ అదే కథ.

లెక్కల_మాస్టారు | మంగళవారం, రాత్రి 10:45

వదిలేశాను. నిజమే. కొద్ది రోజుల వరకే చూశారని, చిన్న పరీక్షలని అది పక్కన పెట్టాను. రాసి ఉండవలసింది. ఓర్చుకోవాలి అన్న మాట కూడా వెనక్కి తీసుకుంటున్నాను.

కానీ నా మాట కూడా వినండి. మా అమ్మాయి డాలస్‌లో ఉంటుంది. 2021లో ప్రసవించింది. ఇలాగే నొప్పి, ఇలాగే ఏడుపు. నాలుక కింద పైకి కనిపించని పొర ఉందని ఒకరు చెప్పారు. పై పెదవి కింద కూడా ఉందన్నారు. లేజర్‌తో రెండూ కాల్చారు. మళ్లీ అతుక్కోకుండా రోజుకు ఆరుసార్లు వేలుపెట్టి నాలుక ఎత్తాలన్నారు. నాలుగు వారాలు. నేను ఫోనులో చూశాను. మా అమ్మాయి వేలికి తొడుగు వేసుకుంటుంటే ఆ చప్పుడుకే పాప మొహం తిప్పేసి, నోరు బిగించి, వణికేది. చివరికి రొమ్ము చూసినా అలాగే చేసింది. మా అమ్మాయి నొప్పి పోయింది, పాలూ పోయాయి. ఆ వ్యాయామాలు చేయించవద్దని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2024లో రాసింది. మాకు మూడేళ్లు ఆలస్యమైంది.

నొప్పితో ఉన్న తల్లికి ఏది చూపించినా కొంటుంది. అందుకే ప్రతిదానికీ లెక్క అడుగుతాను. నొప్పిని లెక్క చేయక కాదు.

మల్లెపందిరి | మంగళవారం, రాత్రి 11:20

మీ మనవరాలికి జరిగింది దారుణం. దానికి ఈ చెల్లి బాబుకు పోలిక లేదు. ఇక్కడ పొర కంటికి కనిపిస్తోంది, చనుమొన పాళీలా నొక్కుకుపోతోంది, బరువు అందడం లేదు. మీ కోపం ఆ లేజర్ మీద, ఈ కత్తెర మీద చూపిస్తున్నారు.

లెక్కల_మాస్టారు | మంగళవారం, రాత్రి 11:31

మీ పెద్దమ్మాయి కోసం ఈ బాబుకు కోయిస్తున్నారు.

నర్సమ్మ_ఏలూరు | బుధవారం, ఉదయం 6:00

ఇద్దరూ ఒక్క నిమిషం ఆగండి. మీ ముగ్గురు తల్లుల్లో ఒక్కరి దగ్గరైనా ఎవరూ అరగంట కూర్చుని పాలు పట్టడం చూడలేదు. ఒకచోట తూచి పంపారు, ఒకచోట కాల్చి పంపారు. అరగంట చూస్తే సగం జవాబు దొరుకుతుంది. బిడ్డ గడ్డం రొమ్ముకు ఆనుతోందా, నోరు ఆవలించినంత తెరుస్తున్నాడా, మింగిన చప్పుడు వినిపిస్తోందా, నాలుక జారిపోతోందా. బిడ్డ రొమ్ము పట్టు సరిచేసినా నాలుక జారిపోతుంటే, నొప్పి తగ్గకపోతే, నేనైతే కోతకు పంపుతాను. పట్టుతోనే సర్దుకుంటే పంపను. సిజేరియన్ తల్లులకు కుట్ల వల్ల సరిగ్గా కూర్చోవడమే కష్టం, బిడ్డను చంక కిందుగా పట్టుకుంటే పొట్ట మీద బరువు పడదు.

తల్లీ, మీ దగ్గర పెద్ద ప్రభుత్వాసుపత్రిలో పాలిచ్చే పద్ధతి నేర్పేవాళ్లు ఉంటారు, అడుగు.

గోవిందరావు_విశాఖ | బుధవారం, ఉదయం 9:15

బ్రెజిల్‌లో పుట్టిన ప్రతి బిడ్డకూ ఆసుపత్రిలోనే నాలుక పరీక్ష చేయాలని 2014లో చట్టం చేశారు. మనకూ కావాలి.

లెక్కల_మాస్టారు | బుధవారం, ఉదయం 9:40

నాలుక చూడాలని చట్టం ఉంటే నాలుకే చూస్తారు. పాలు పట్టడం చూడాలని ఉండాలి.

మల్లెపందిరి | బుధవారం, ఉదయం 9:52

ఈ ఒక్క మాట ఒప్పుకుంటాను.

తొలికాన్పు_ఖమ్మం | తర్వాతి బుధవారం, రాత్రి 9:30

ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి. ఈరోజు 21వ రోజు, బారసాల చేశాం.

మంగళవారమే డాక్టరుకు గుడ్డల సంగతి చెప్పాను, పాలు పిండి ఉగ్గుగిన్నెతో పట్టడం అప్పుడే మొదలుపెట్టాం. బుధవారం ప్రభుత్వాసుపత్రికి వెళ్లాం. అక్కడ ఒక సిస్టర్ గారు 40 నిమిషాలు పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నారు. చంక కింద పట్టుకోవడం నేర్పారు. నొప్పికి పదికి ఎన్ని మార్కులు వేస్తావని అడిగితే ముందు 9 అన్నాను. రెండు రోజులకు 6 అయింది. కానీ టక్ టక్ చప్పుడు పోలేదు, చనుమొన అలాగే నొక్కుకుపోతోంది. ఆవిడే మళ్లీ చూసి సర్జన్‌కు చీటీ రాశారు. శనివారం కత్తెరతో చేశారు. మా అమ్మ గది బయట నిలబడింది, లోపలికి రాలేదు. వ్యాయామాలేమీ చెప్పలేదు, నేనే అడిగి నిర్ధారించుకున్నాను. ఇప్పుడు నొప్పి 3. ఈరోజు బరువు 2.980. పిండిన పాలు రోజుకు రెండుసార్లు ఇంకా పడుతున్నాం.

లెక్కల_మాస్టారు | తర్వాతి బుధవారం, రాత్రి 9:48

చాలా సంతోషం అమ్మా. చిరంజీవికి దీవెనలు. 9 నుంచి 6కి కత్తెర లేకుండానే వచ్చింది చూశారా. ఇంకొక వారం ఆగి ఉంటే 3కి అదే వచ్చేదేమో.

మల్లెపందిరి | తర్వాతి బుధవారం, రాత్రి 9:55

6తో ఆ ఇంకొక వారం ఎవరు పాలిస్తారు మాస్టారూ? రోజుకు పదిసార్లు.

తొలికాన్పు_ఖమ్మం | తర్వాతి బుధవారం, రాత్రి 10:20

మాస్టారు గారూ, ఆగి ఉంటే ఏమయ్యేదో నాకూ తెలియదు. శనివారం మాత్రం నేను ఇక ఆగలేకపోయాను. నర్సమ్మ గారూ, నాలుక కింది తెల్లమచ్చ ఈరోజు కొంచెం పసుపుగా కనిపిస్తోంది. జ్వరం లేదు, బాగానే తాగుతున్నాడు. అది మామూలేనా?

నర్సమ్మ_ఏలూరు | తర్వాతి బుధవారం, రాత్రి 10:26

మామూలే తల్లీ, మానేటప్పుడు అలాగే ఉంటుంది, చీము కాదు. జ్వరం వచ్చినా, రక్తం కారినా, తాగడం మానేసినా వెంటనే వెళ్లు. దాన్ని వేలితో తాకవద్దు.