పాలివాడు, పాలోడు, భార్య: ఒక నవల తెచ్చిన మాట పంచాయితీ

‘డావిన్సీ కోడ్’ చదివి ఒక తమ్ముడు గ్రూపులో అడిగిన ప్రశ్నకు ఇది జవాబు. ఆ నవలలో ఒక పండితుడి పాత్ర ఫిలిప్పు సువార్త అనే పాత పుస్తకం చూపిస్తుంది. అందులో యేసు శిష్యురాలు మగ్దలేనే మరియను ఆయనకు సహచరి అన్నారని, యేసు మాట్లాడిన అరామిక్ భాష తెలిసిన ఎవరినడిగినా ఆ కాలంలో ఆ మాటకు భార్య అనే అర్థం చెబుతారని వాదిస్తుంది. “అన్నా, ఆ మాట మన తెలుగు బైబిల్లో ఎక్కడన్నా ఉందా?” అని తమ్ముడి ప్రశ్న.

ఉంది. మన ఊళ్లలో పెండ్లికి, చావుకు వినబడే మాటే అది.

ముందు భాష సంగతి చూద్దాం. ఫిలిప్పు సువార్త మనకు దొరికింది అరామిక్‌లో కాదు, ఈజిప్టు పాత భాష కోప్టిక్‌లో. 1945లో ఈజిప్టులో నాగ్ హమ్మాది దగ్గర బయటపడ్డ రాతప్రతుల్లో అదొకటి. మరియ గురించి చెప్పే చోట ఉన్న మాట ‘కోయినోనోస్’. అది గ్రీకు మాట. మనం ‘టెన్షన్’ను తెచ్చుకున్నట్టు కోప్టిక్ వాళ్లు దాన్ని గ్రీకు నుంచి తెచ్చుకున్నారు. కాబట్టి ఇందులో అరామిక్ పండితుడిని అడిగే పనే లేదు.

ఇదే మాట కొత్త నిబంధన గ్రీకు మూలంలోనూ కనిపిస్తుంది. తెలుగు బైబిల్లో దాన్ని ‘పాలివాడు’ అన్నారు. లూకా 5:10 చూడండి: “సీమోనుతో కూడ పాలివారైన జెబెదయి కుమారులగు యాకోబును యోహానును”. అంటే చేపల పనిలో భాగస్తులు. పౌలు ఫిలేమోనుకు “నీవు నన్ను నీతో పాలివానిగా ఎంచినయెడల” అని రాస్తాడు. 2 కొరింథీ 8:23లో తీతును “నా పాలివాడు” అంటాడు. నవల చెప్పిన అర్థం పెట్టి ఈ మూడు వచనాలూ ఒకసారి చదవండి. పాపం తీతు!

మన దగ్గర దీనికి ఇంకో మెలిక ఉంది. పరకాల, భూపాలపల్లి వైపు పాలోళ్లంటే ఎవరు? దాయాదులు. ఇంటిపేరు ఒక్కటే, మైల ఒక్కటే. వాళ్ల పిల్ల చెల్లె వరుస అవుతుంది గనక పెండ్లి మాటే రాదు. ‘పాలు’ అంటే వాటా, ఆ వాటా ఉన్నవాడు పాలివాడు. సంస్కృతం నుంచి వచ్చిన దాయాదికీ అసలు అర్థం అదే, ఆస్తిలో పాలు తీసుకునేవాడని. పొలం పాలుకు ఇచ్చిండు అన్నప్పుడూ ఆ పాలే. బైబిల్ అనువాదకులు దాన్ని భాగస్తుడనే అర్థంలో వాడారు, మన పల్లెల్లో అది చుట్టరికంలో స్థిరపడింది. అందుకే ఇక్కడి ముసలామెకు ఆ నవల వాదాన్ని తెలుగు బైబిల్ మాటతో చెబితే “పాలోళ్ల పిల్లను ఎవడన్న చేసుకుంటడా?” అని ఎదురడుగుతుంది. ఇది రుజువు కాదు, సరదాకు చెప్పాను. రుజువు పైన చెప్పిన మూడు వచనాల్లో ఉంది.

నవల 2003లో వచ్చింది, సినిమా 2006లో. అప్పటికి మనమూ ఆంధ్రప్రదేశ్‌లోనే ఉన్నాం. అభ్యంతరాలు రావడంతో రాష్ట్ర ప్రభుత్వం ఆ జూన్‌లో సినిమా ప్రదర్శన ఆపేసింది. అదే నెలలో హైకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది. ఒక విశ్వాసిగా నాకు అప్పుడూ ఇప్పుడూ ఒకటే అభిప్రాయం. సినిమా ఆపుమని దరఖాస్తు ఇవ్వడానికి గంట చాలు. ఈ ‘పాలివారు’ అన్న మాటను ఆదివారం సంఘంలో పిల్లల ముందు విప్పి చెప్పాలంటే ముందు మనం చదవాలి. మనం దరఖాస్తు దారే పట్టాం.

హుజూరాబాద్ నుంచి ఒకరు: బాగానే ఉంది గానీ సగమే చెప్పారు సార్. పాత నిబంధనలోని మలాకీ 2:14 పాత గ్రీకు అనువాదంలో ఇదే కోయినోనోస్ భార్యకు వాడారు. అది రాయలేదేం?

జవాబు: నిడివి పెరుగుతుందని వదిలాను, మీరు తెచ్చారు గనక మంచిదే. అక్కడ “నీ కోయినోనోస్, నీ నిబంధన భార్య” అని రెండు మాటలూ పక్కపక్కన ఉన్నాయి. మొదటిదానికే భార్య అనే అర్థం ఉంటే రెండోదాని అవసరమేంటి? భార్యను జీవిత భాగస్వామి అంటాం, అట్లని వ్యాపార భాగస్వామి భార్య అయిపోదు కదా. ఫిలిప్పు సువార్తలో మరియ గురించి చెప్పే చోట ఆ రెండో మాట లేదు. ఇంకో సంగతి, యేసు మరియను ముద్దు పెట్టుకునేవాడని చెప్పే వాక్యంలో ఎక్కడ అనే చోట ప్రతికి చిల్లు పడింది. నవలలో మాత్రం చిల్లు లేదు, ‘నోటి మీద’ అని పూర్తి చేసి ఉంది.

కాజీపేట నుంచి ఒక అక్క: నేను క్యాథలిక్‌ను. ఆ నవల మీద కోపమున్నా ఒక ముక్క ఒప్పుకోవాలి, మగ్దలేనే మరియకు మనవాళ్లే అన్యాయం చేశారు. ఆమె వేశ్య అని బైబిల్లో ఎక్కడుంది? లూకా 7లో ఏడ్చి పాదాలు తడిపిన స్త్రీకి పేరే లేదు. 8వ అధ్యాయంలో మరియ ఏడు దయ్యాలు వదిలిన మనిషిగా, తన ఆస్తితో ఉపచారం చేసిన స్త్రీలలో ఒకరిగా వస్తుంది. ఇద్దరినీ కలిపేసింది 591లో గ్రెగరీ పోపు ప్రసంగం. 1969లో క్యాలెండర్ సవరించినప్పుడు మా సభ ఆ ముడి విప్పింది, 2016లో ఆమె స్మరణను పండుగ స్థాయికి పెంచింది. అయినా గుడ్ ఫ్రైడే నాటకంలో ఆమెకు తళుకుల చీర కట్టించి, పూలు పెట్టించి తీసుకొచ్చుడు మాత్రం ఆగలే. ఆ చీర మార్చకుండా నవలా రచయితను తిడితే ఏం లాభం?

కరీంనగర్ నుంచి ఒక మాష్టారు: నాకు ఏ మతం పట్టింపూ లేదు. కథ కథే కదండీ, దానికి సాక్ష్యాలు అడగడమేంటి? రేపు పురాణాల మీద నవలలకూ ఇదే లెక్క పెడతారా?

జవాబు: మాష్టారూ, నమస్తే. కథగానే వదిలి ఉంటే నేనూ అడగను. ఆ నవల మొదట్లోనే ‘వాస్తవం’ అని ఒక పేజీ పెట్టి, ఇందులో పత్రాల వర్ణనలన్నీ ఖచ్చితమైనవి అని రాసుకుంది. పత్రాల పేరెత్తింది గనక పత్రాల దగ్గరే మాట్లాడుతున్నా. 325లో బిషప్పులు కూడిన నీకేయ సభలో యేసు దైవత్వం కొద్ది ఓట్ల తేడాతో గట్టెక్కిందని నవలలో ఉంది. ఆ విశ్వాస ప్రమాణం మీద సంతకం పెట్టనని చివరిదాకా నిలబడ్డ బిషప్పులు ఇద్దరే. ఏ సువార్తలు ఉంచాలి, ఏవి తీసేయాలి అన్న పంచాయితీ ఆ సభలో జరగలేదు.

నవల వాదానికి నాకు అన్నిటికంటే గట్టిగా తోచే జవాబు 1 కొరింథీ 9:5. తనకు పెండ్లి చేసుకునే హక్కు ఉందని వాదిస్తూ పౌలు “తక్కిన అపొస్తలులవలెను, ప్రభువుయొక్క సహోదరులవలెను, కేఫావలెను విశ్వాసురాలైన భార్యను వెంటబెట్టుకొని తిరుగుటకు మాకు అధికారములేదా?” అంటాడు. ప్రభువు తమ్ముళ్ల దాకా లెక్క చెప్పినవాడు, ప్రభువుకే పెండ్లయి ఉంటే ఆ మాట వదిలేస్తాడా? వాదనకు అంతకంటే పెద్ద ఆధారం ఇంకేముంటుంది?

హుజూరాబాద్ నుంచి మళ్లీ: ఈ వచనంలోనే భాషకు సంబంధించిన ముచ్చట ఒకటి ఉంది సార్. గ్రీకులో ఉన్నది ‘సహోదరి భార్య’ అని. అప్పటి సంఘంలో ఆడవాళ్లంతా సహోదరీలు గనక గ్రీకులో చదివేవాళ్లకు ఇబ్బంది లేదు. మన తెలుగులో అట్లనే దింపితే వరుస తప్పుతుంది, చర్చిలో సగం మంది నవ్వుతారు, సగం మంది గొడవకొస్తారు.

జవాబు: ‘విశ్వాసురాలైన’ అని తిప్పింది అందుకేనేమో. ఆ వచనం పాత తెలుగు ముద్రణల్లో ఎట్లుందో ఎవరి ఇంట్లోనైనా ప్రతి ఉంటే ఫొటో పెట్టండి.