లంబనమా, దృష్టి విక్షేపమా?

ప్రశ్న (విజయనగరం): నక్షత్రాల దూరాలను, చూసే చోటు మారితే దగ్గరి వస్తువు పక్కకు జరిగినట్లు కనిపించే పారలాక్స్‌తో ఎలా కొలుస్తారో పిల్లల కోసం వ్యాసం వ్రాస్తున్నాను. ఈ మాటకు తెలుగులో కొందరు ‘దృష్టి విక్షేపం’ అంటున్నారు. పంచాంగం గుణించే మా పెదనాన్నగారు మాత్రం ‘లంబనం’ అంటారు. ఏది వాడమంటారు, మాస్టారూ?

జవాబు (శ్రీకాకుళం): నా ఓటు మీ పెదనాన్నగారికే. మన ప్రాచీన ఖగోళ గ్రంథం సూర్యసిద్ధాంతం సూర్యగ్రహణ గణితంలో లంబనం, నతి అనే రెండు సంస్కారాలను, అంటే సవరణలను, చెప్పింది. ‘లంబ’ ధాతువుకు వ్రేలాడడమని అర్థం. భూకేంద్రం నుంచి చూస్తే కనిపించవలసిన చోటికంటె, నేలమీద నిలుచున్న మనకు చంద్రుడు క్షితిజం వైపు దాదాపు 1 డిగ్రీ వరకు జారి కనిపిస్తాడు కనుక మాట చక్కగా అతికింది. ఇక ‘విక్షేపం’ అంటారా, అది ఆ శాస్త్రంలోనే గ్రహం క్రాంతివృత్తం (ఏడాదిలో సూర్యుడు ఆకాశంలో తిరిగినట్లు కనిపించే దారి) నుంచి ఉత్తరానికో దక్షిణానికో తొలగిన దూరానికి ఏనాడో స్థిరపడిన పేరు.

పిల్లలకైతే నాగావళి గట్టుమీద చూపించండి. అవతలి ఒడ్డున తాటిచెట్టు, దాని వెనుక ఎక్కడో దూరాన సెల్ టవరు ఉన్నాయనుకోండి. టవరుకు కుడిపక్కన ఉన్న చెట్టు, మీరు గట్టు వెంబడి కుడికి నడుస్తూ పోతే ఎడమపక్కకు వచ్చేస్తుంది. నక్షత్రాలకు ఆ నడక చాలదు. ఆరు నెలలు ఆగితే భూమే మనలను కక్ష్యలో అవతలి కొసకు, అంటే సుమారు 30 కోట్ల కిలోమీటర్ల ఎడానికి, మోసుకుపోతుంది. అంత ఎడంలో నక్షత్రం జరిగినట్లు కనిపించే కోణంలో సగాన్ని దాని లంబనం అంటారు. 1838లో జర్మన్ ఖగోళవేత్త బెసెల్ హంస మండలంలోని 61వ నక్షత్రానికి పట్టుకున్న లంబనం వికలలో మూడోవంతు కూడా లేదు. ‘వికల’ కూడా మన పాతమాటే, డిగ్రీలో 3600వ వంతు. లంబనం 1 వికల ఉండే దూరం పార్సెక్, అంటే 3.26 కాంతి సంవత్సరాలు. పారలాక్స్ నుంచి ఒక ముక్క, సెకండ్ నుంచి ఒక ముక్క కోసి కుట్టిన మాట అది. మనమూ అలాగే కుడితే ‘లంవి’ అవుతుంది, కాబట్టి దానిని కదపకండి.

ప్రశ్న: నక్షత్రం క్షితిజం వైపు జారదు కదా? ఏడాదిలో చిన్న దీర్ఘవృత్తం గీస్తుంది.

జవాబు: నిజమే. అందుకే చంద్రుడిది ‘దైనిక లంబనం’, నక్షత్రానిది ‘వార్షిక లంబనం’ అని విడదీయాలి. పేరు ఒకటే కావడంలో న్యాయమూ ఉంది: భూకక్ష్య ఎంతో తేలాలంటే ముందు సూర్యుని దైనిక లంబనం, 8.8 వికలలు, తెలియాలి. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబాన్ని దాటుతుంటే, విశాఖపట్నంలో అంకితం వెంకట నరసింగరావు గారితో సహా దేశదేశాల పరిశీలకులు చూసిన ఆ సంఘటన విలువంతా ఈ కొలతలోనే ఉంది.

ప్రశ్నించినవారు: అయితే వ్యాసంలో ‘వార్షిక లంబనం’ అనే వ్రాస్తాను. శీర్షికలో మాత్రం పారలాక్స్ ఉంచుతాను. లంబనం అంటే లంబరేఖల పాఠమనుకొని పిల్లలు పేజీ తిప్పేస్తారు.