జడ్పీ బడుల్లో గణితం బాధ్యత: తోటి టీచర్ల తరగతిలో ఎలా మొదలుపెట్టాలి?

సిరొంచ తాలూకా టీచర్:
నమస్తే అందరికీ. మహారాష్ట్రలో మా కేంద్రంలోని (దగ్గరి బడుల సమూహం) ప్రాథమిక బడులకు గణితం చూసే పని నాకు అప్పగించారు. హోదా ఏమీ మారలేదు. నా తరగతి నాకుంది, వారంలో ఒక పూట వేరే బడికి వెళ్లాలి. వెళ్తే అక్కడివాళ్లు సుద్దముక్క నా చేతికిచ్చి పక్కకు తప్పుకుంటున్నారు. చాలామంది నాకన్నా సీనియర్లు. మూడో తరగతిలో హాత్చా తీసివేతలే (పక్క స్థానం నుంచి పది తెచ్చుకుని చేసేవి) పెద్ద చిక్కు. 52−27 ఇస్తే చాలామంది 35 రాస్తున్నారు. పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. ఎక్కడ మొదలుపెట్టాలి?

కిన్వట్ వైపు గణితం టీచర్:
మేడమ్, ముందు ఆ లెక్క మార్చండి. 52−27కి 35 రెండు దారుల్లో వస్తుంది. ఒక పిల్ల ఒకట్ల స్థానంలో 2లోంచి 7 పోదని 7లోంచి 2 తీసేస్తుంది: 5, పదుల్లో 3. ఇంకో పిల్ల సరిగ్గానే 12లోంచి 7 తీస్తుంది, కానీ పదుల్లో ఒకటి తగ్గించడం మరచిపోతుంది: మళ్లీ 35. జవాబు ఒకటే, జబ్బులు రెండు. మొదటి పిల్లకు తీసివేత అంటేనే అర్థం కాలేదు. రెండో పిల్లకు అర్థమైంది, రాత దగ్గర తప్పింది. ఇద్దరికీ ఒకే పాఠం చెబితే ఒకరికి వృథా.

ఒకట్ల అంకెల మధ్య తేడా 5 ఉన్నప్పుడల్లా ఇదే తంటా. తేడా 5 కాని లెక్కలు ఇవ్వండి. 63−29 తీసుకోండి: పెద్దదాంట్లోంచి చిన్నది తీసే పిల్ల 46 రాస్తుంది, తగ్గించడం మరచిన పిల్ల 44 రాస్తుంది. సరైనది 34. 40−16లో మొదటివాళ్లకు 36, రెండోవాళ్లకు 34 వస్తాయి, సరైనది 24. సున్నా మీదుగా తెచ్చుకోవడం చూడాలంటే 304−128 ఇవ్వండి. 224 వస్తే పెద్దలోంచి చిన్నది తీశారు. 276 వస్తే సున్నాను 9 చేశారు గానీ వందల్లో తగ్గించలేదు. సరైనది 176. వీటితో పాటు 78−35 లాంటిది ఒకటి పెట్టండి. అదీ తప్పితే హాత్చా దాకా పోనక్కర్లేదు, సమస్య అంతకన్నా ముందే ఉంది.

ఈ నాలుగు లెక్కలూ తరగతి టీచరే పెట్టాలి, మీరు కాదు. మధ్యాహ్నం ఇద్దరూ కూర్చుని జవాబుల్ని బట్టి నోట్‌బుక్కులు కుప్పలు చేయండి. అప్పుడు మాట పిల్లల రాత మీదే ఉంటుంది, సీనియర్ గారి బోధన మీదికి పోదు.

డైట్ శిక్షకుడు:
జిల్లా టీచర్ల శిక్షణ సంస్థ (డైట్)లో పనిచేసేవాడిగా పై మాటకు ఒకటి కలుపుతాను. సుద్దముక్క చేతికిచ్చినప్పుడు తీసుకోకండి. “పాఠం మీరే చెప్పండి సార్, నేను ఆ చివరి వరుసలో నలుగురి దగ్గర కూర్చుంటా” అనండి. మోడల్ పాఠం చూసినవాళ్లు బాగుందంటారు, మర్నాడు పాత పద్ధతిలోనే చెప్తారు. ఎందుకంటే ఆ పాఠంలో వాళ్లు తీసుకున్న నిర్ణయం ఒక్కటీ లేదు.

పాఠానికి ముందు పదిహేను నిమిషాలు చాలు: ఏ లెక్క, ఏ తప్పు రావచ్చు, వస్తే ఏమని అడుగుతాం. పాఠంలో మీరు రాసుకునేది పిల్లలన్న మాటలే. “టీచర్ బోర్డు సరిగా వాడలేదు” లాంటి వాక్యం మీ పుస్తకంలో ఒక్కటి కనబడినా ఇక ఆ తలుపు మూసుకున్నట్టే. పాఠం అయ్యాక ఆ కాగితం తరగతి టీచరుకే ఇచ్చేయండి. ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టడం అసలు వద్దు. మాట మొదలుపెట్టేటప్పుడు పొగడ్త వద్దు, సలహా వద్దు. మూడు నోట్‌బుక్కులు ముందు పెట్టి, “ఈ పిల్ల ఇలా ఎందుకు రాసిందంటారు?” అని అడగండి.

మీ దగ్గర ఇంకో బలం ఉంది. బయటి జిల్లాల నుంచి వచ్చిన మరాఠీ టీచర్లకు తెలుగు రాదు. పిల్లలు పక్కవాళ్లతో గుసగుసగా చెప్పుకునే కారణం తెలుగులోనే ఉంటుంది. అది విని వాళ్లకు మరాఠీలో చెప్పగలిగేది మీరే. ఇంట్లో గోండి మాట్లాడే పిల్లలుంటే ఆ భాష తెలిసినవాళ్లను వెతకండి.

అమెరికాలో ప్రాథమిక గణిత నిపుణుల కోసం ఏఎంటీఈ (గణిత టీచర్లకు శిక్షణ ఇచ్చేవారి సంఘం) రాసిన ప్రమాణాల్లో విషయ జ్ఞానం, బోధన జ్ఞానం పక్కన నాయకత్వాన్ని మూడో భాగంగా పెట్టారు. లెక్కలు బాగా వచ్చినంత మాత్రాన పక్క టీచరుతో పనిచేయడం రాదు, దాన్ని విడిగా నేర్చుకోవాలి.

ధర్మాబాద్ టీచర్:
మరాఠీ అంకెల పేర్లూ చూడండి మేడమ్. పంచవీస్‌లో అయిదు ముందు వినబడుతుంది, పిల్లలు 25కి బదులు 52 రాస్తారు. ఏకోణ్‌చాళీస్ 39, ఎక్కేచాళీస్ 41. ఈ రెండూ కలిసిపోతాయి. తెలుగులో ముప్పై తొమ్మిది అంటే పదులు ముందు, ఒకట్లు తర్వాత, రాసే వరుసలోనే. అందుకే డిక్టేషన్‌లో మరాఠీ పేరు, వెంటనే తెలుగు పేరు చెప్పించండి. 2019లో బాలభారతి (మహారాష్ట్ర పాఠ్యపుస్తకాల సంస్థ) రెండో తరగతి పుస్తకంలో ఏకవీస్‌తో పాటు వీస్ ఏక్ (రెండూ 21కే, రెండోది ఇరవై ఒకటి వరుసలో) అనే పలుకు పెట్టినప్పుడు రాష్ట్రమంతా పెద్ద చర్చ నడిచింది. తెలుగు పిల్లలకు ఆ రెండోది తేలిగ్గా అందుతుంది.

తీసివేత చేత్తో చేయించడానికి ఇద్దరు పిల్లలకు కలిపి 70 వెదురు పుల్లలు చాలు: పదేసి పుల్లల ఆరు కట్టలు, పది విడివి. కట్టలో తొమ్మిదో పదకొండో ఉంటే పాఠమంతా పాడవుతుంది, ముందు పిల్లలతోనే లెక్కపెట్టించండి. కట్ట విప్పిన వెంటనే నోట్‌బుక్‌లో పదులు తగ్గించి రాయాలి. అన్నీ విప్పేశాక రాయమంటే పుల్లల లెక్క వేరు, రాత లెక్క వేరు అయిపోతుంది.

సిరొంచ తాలూకా టీచర్:
చాలా స్పష్టంగా చెప్పారు. కేంద్రప్రముఖ్ గారు (మా కేంద్రం బడులను తనిఖీ చేసే అధికారి) ఏ టీచర్ ఎలా చెప్తున్నారో రాసిమ్మంటే? కేంద్రం టీచర్లంతా కలిసే శిక్షణ్ పరిషద్‌లో నలభై నిమిషాలు కూడా ఇచ్చారు.

డైట్ శిక్షకుడు:
మొదటి వారంలోనే, హెడ్మాస్టర్ల ముందే తేల్చుకోండి: మీరిచ్చేది ఏ బడికి ఏ రోజు వెళ్లారు, ఏ పాఠ్యాంశం మీద పని జరిగింది, అంతవరకే. తనిఖీ కేంద్రప్రముఖ్ గారి పని. రెండూ ఒకే మనిషి చేస్తే టీచర్లు మీకు మంచి నోట్‌బుక్కులే చూపిస్తారు.

పరిషద్‌కు పీపీటీ వద్దు. వేర్వేరు బడుల నుంచి 63−29, 304−128 చేసిన కాగితాలు పేర్లు కత్తిరించి తీసుకెళ్లండి, ముగ్గురు టీచర్ల గుంపుకు పన్నెండు చొప్పున. పదిహేను నిమిషాలు కుప్పలు చేయనివ్వండి, పదిహేను నిమిషాలు ఒక్క కుప్ప మీదే మాట్లాడించండి. మిగిలిన పదిలో ప్రతి ఒక్కరూ తమ తరగతిలో పెట్టబోయే ఒక లెక్క రాసుకోవాలి. వచ్చే నెల ఆ కాగితాలతోనే రమ్మనండి.