చిన్న విమానం కూలితే అంత విచారణ అవసరమా?

బెంజిసర్కిల్:
మా అన్నయ్య కూతురు పైలట్ ట్రైనింగ్‌లో చేరతానంటోంది. ఇంట్లో టెన్షన్. 2022 ఫిబ్రవరి 26న నాగార్జునసాగర్ నుంచి లేచిన సెస్నా 152 అనే చిన్న శిక్షణ విమానం నల్గొండ జిల్లా పొలాల్లో కూలి, ఒంటరిగా నడుపుతున్న ట్రైనీ అమ్మాయి చనిపోయింది కదా, అదే అందరికీ గుర్తొస్తోంది. నా ప్రశ్న మొరటుగా ఉంటే ఏమీ అనుకోకండి. హైవే మీద రోజూ ఎవరో ఒకరు పోతూనే ఉన్నారు. పంచనామా రాసి ఫైలు మూసేస్తారు. ఇద్దరు పట్టే విమానానికి మాత్రం నెలల తరబడి విచారణ ఎందుకు? ఆఖరికి తేలేది ‘పైలట్ తప్పు’ అనేగా?

గుంటూరు ప్లీడర్:
నా గొడవ వేరు. ఈ విచారణ ఎవరినీ దోషి అనదు. విమాన ప్రమాదాల విచారణకి ఉన్న అంతర్జాతీయ నియమాల్లో, అనెక్స్ 13లో, అలాగే రాసుంది: ప్రమాదాలను నివారించడమే ఉద్దేశం, తప్పెవరిదో తేల్చడం కాదు. బిడ్డను పోగొట్టుకున్నవాళ్ళకి ఇదేం సమాధానమండీ?

ఆటోనగర్ బాబాయ్:
నలభై ఏళ్ళుగా లారీ ఇంజన్లు విప్పుతున్నా. విమానం ముట్టుకున్నది లేదు. కానీ క్రాంకు, అంటే ఇంజన్లో తిరిగే ఇరుసు, విరిగితే, విరిగిన చోటు చూసి చెప్తా. ఒక్క దెబ్బకి విరిగిందైతే ఒక రకంగా ఉంటుంది. పాత పగులు మెల్లగా పాకి విరిగిందైతే ఆల్చిప్ప మీద గీతల్లాంటివి కనిపిస్తాయి. ఓసారి ఒక ఓనరు తప్పంతా డ్రైవర్‌దేనని పనిలోంచి తీసేశాడు. విప్పి చూస్తే ఆ గీతలే. ఇంకో డ్రైవర్ని పెట్టినా ఆ బండి ఆగేదే.

రన్‌వే 26:
బాబాయ్ గారు అసలు పాయింటు పట్టుకున్నారు. నేను కొన్నాళ్ళు ఫ్లయింగ్ నేర్పాను. బ్లాక్ బాక్స్ ఉండాలన్న రూలు ముఖ్యంగా 5,700 కిలోలు దాటిన విమానాలకి. సెస్నా 152 నిండా నింపినా 757 కిలోలే. అంటే చిన్నదానికి విచారణే ఎక్కువ కష్టం. ప్రొపెల్లర్ రెక్కలు ఎలా వంగాయో చూసి, నేలను తాకినప్పుడు ఇంజన్ తిరుగుతోందా లేదా అన్నది లెక్కకట్టాలి.

ఇంకోటి వినండి. మన కృష్ణా డెల్టా తేమకి, 25 డిగ్రీల ఎండలో కూడా కార్బురేటర్లో, అంటే ఇంజన్‌కి గాలీ పెట్రోలూ కలిపి పంపే భాగంలో, మంచు కట్టొచ్చు. ఇంజన్ పవర్ పడిపోతుంది. విచారణవాళ్ళు వచ్చేసరికి ఆ మంచు కరిగిపోయి ఉంటుంది! మిగిలేది ఆ రోజు వాతావరణం రికార్డు, కార్బురేటర్‌ని వేడి చేసే నాబ్ ఏ పొజిషన్లో ఉందన్నది. సెల్ఫీకి ఎగబడ్డ కుర్రాడెవడో దాన్ని కదిపాడా, అంతే సంగతులు. మనుషుల్ని కాపాడ్డానికి తప్ప శకలాలు కదపకూడదన్న రూలు అందుకే. ప్లీడర్ గారూ, జైలు భయం ఉంటే ‘ఆ బోల్టు బిగించడం మర్చిపోయాను’ అని ఏ మెకానిక్ చెప్తాడు?

కొల్లేటి గట్టు:
మాది కైకలూరు వైపు. 2002 మార్చి 3న స్పీకర్ బాలయోగి గారి హెలికాప్టర్ పడింది మా కొవ్వాడలంక చేపల చెరువులోనే. 2009 సెప్టెంబర్ 2న నల్లమలలో రాజశేఖరరెడ్డి గారి బెల్ 430. గేర్‌బాక్స్ ఆయిల్ ప్రెషర్ సంగతి చూసుకుంటూ పైలట్లు చెక్‌లిస్ట్ వెతకడంలో కొన్ని నిమిషాలు పోయాయని ఆ రిపోర్టులో ఉంది. కాక్‌పిట్ మాటలు రికార్డయ్యాయి కాబట్టి అదైనా బయటికొచ్చింది. పెద్దవాళ్ళు పోతే రాష్ట్రమంతా అడుగుతుంది. ట్రైనీ పిల్ల గురించి ఎవరడుగుతారు?

గుంటూరు ప్లీడర్:
సరే, నివారణకి ఒక విచారణ, శిక్షకి ఇంకోటి. రెండూ వేరువేరుగా నడవనివ్వండి, ఒప్పుకుంటా. కానీ వీలైతే ఏడాదిలో తుది రిపోర్టు ఇవ్వాలని, కుదరకపోతే ఏటా ఆ తేదీకి ఎక్కడిదాకా వచ్చిందో చెప్పాలని అదే అనెక్స్‌లో ఉంది. ఆ ఒక్క విషయంలో మాత్రం నేను తగ్గను.

బెంజిసర్కిల్:
నేను డబ్బు, టైమ్ గురించే ఆలోచించాను. మంచు కరిగిపోయే మాట విన్నాక నోరు పడిపోయింది. చేరే ముందు పాత రిపోర్టులు నాలుగైనా చదవమని అమ్మాయికి చెప్తా.

ఆటోనగర్ బాబాయ్:
చదివాక ఓసారి షెడ్డుకి తీసుకురండి. విరిగిన క్రాంకు ఒకటి దాచి ఉంచా, చూపిస్తా.