సోండ్‌హైమ్‌ని తయారుచేసింది ప్రతిభా, పక్కింటి పెద్దాయనా?

మూడోగంట:
ప్రతిభ ఉంటే ఎక్కడున్నా బయటపడుతుందని మా తమ్ముడు అంటాడు. కాదని చెప్పడానికి వాడికి నిన్న సోండ్‌హైమ్ కథంతా చెప్పాను, వాడు వినలేదు. ఇక్కడ పెడుతున్నా, మీరే తేల్చండి.

తెలియనివాళ్ళకి: స్టీఫెన్ సోండ్‌హైమ్ అమెరికాలో బ్రాడ్‌వే (న్యూయార్క్‌లో పెద్ద థియేటర్లున్న చోటు) మ్యూజికల్స్‌కి, అంటే పాటలతో నడిచే నాటకాలకి, పాటలూ బాణీలూ రాసినవాడు. 1930లో న్యూయార్క్‌లో పుట్టి 2021లో 91 ఏళ్ళకి పోయాడు. నాన్నకి గౌన్లు తయారుచేసే వ్యాపారం, అమ్మ డిజైనర్, సెంట్రల్ పార్కు ఎదురుగా ఇల్లు. తొమ్మిదేళ్ళకే నాన్న బ్రాడ్‌వే నాటకానికి తీసుకెళ్ళాడు. పదేళ్ళకి అమ్మానాన్నా విడిపోయారు, అమ్మ పెన్సిల్వేనియాలో డాయిల్స్‌టౌన్ దగ్గర పొలమూ ఇల్లూ కొనుక్కుంది. ఆ పక్కింట్లో ఎవరు? 'షో బోట్', 'ఓక్లహోమా' లాంటి మ్యూజికల్స్ రాసిన ఆస్కర్ హామర్‌స్టైన్! ఆయన కొడుకు జిమ్మీ ఇతని ఈడువాడు. ఇక పిల్లాడు రోజూ ఆ ఇంట్లోనే. 17 ఏళ్ళకి ఆయన 'అల్లెగ్రో' రిహార్సల్స్‌లో కాఫీలు అందిస్తూ, స్క్రిప్టు టైపు చేస్తూ తిరిగాడు. అంత చిన్నవాడికి బ్రాడ్‌వే లోపల ఏం జరుగుతుందో చూసే అవకాశం ఎంతమందికి దొరుకుతుంది?

హామర్‌స్టైన్ గనక భూగర్భ శాస్త్రవేత్త అయ్యుంటే నేనూ అదే అయ్యేవాణ్ణని సోండ్‌హైమే చెప్పుకున్నాడు. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

లెక్కలమాస్టారు:
పక్కింట్లో కాదండీ. రెండు పొలాలకీ మధ్య మైళ్ళ దూరం ఉంది. మిగతాది తర్వాత, ముందు అది సరిచేయండి.

అరటితొక్క:
'వెస్ట్ సైడ్ స్టోరీ' సినిమా చూశాను. ఆ పాటలు ఈయనవేనా? బాణీలు వేరే ఆయనవి అనుకుంటా.

టీచరమ్మ:
అరటితొక్క గారూ, అవును, మాటలు ఈయనవి, సంగీతం లెనర్డ్ బెర్న్‌స్టైన్‌ది.

మూడోగంట గారూ, కథలో మీకు అనుకూలంగా ఉన్న ముక్కలు చెప్పి అసలు ముక్క వదిలేశారు. 15 ఏళ్ళ వయసులో సోండ్‌హైమ్ తన బడి మీదే ఒక మ్యూజికల్ రాశాడు, పేరు 'బై జార్జ్'. దాన్ని హామర్‌స్టైన్‌కి ఇచ్చి, నేనెవరో తెలియనట్టు చదివి చెప్పండి అన్నాడు. వెంటనే బ్రాడ్‌వే మీద వేసేస్తారని పిల్లాడి ఆశ. మర్నాడు పెద్దాయన ఏమన్నాడు? అలా అయితే నేను చదివినవాటిలో ఇంత చెత్త ఇంకోటి లేదు, నీకు ప్రతిభ లేదనడం లేదు, ఇది బాగోలేదంటున్నాను, ఎందుకు బాగోలేదో కావాలంటే చెప్తాను అని మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాడు. పాట ఎక్కడ రావాలి, పాత్ర ఎలా మాట్లాడాలి, ఒక్కో మాటా విడదీసి ఆ మధ్యాహ్నమంతా చెప్పాడు.

ఆ వయసులో ఆ మాట వింటే చాలామంది కాగితాలు చింపేసి పోతారు. వాడు కూర్చుని విన్నాడు. తర్వాత పెద్దాయన నాలుగు మ్యూజికల్స్ రాసుకు రమ్మన్నాడు. ఒకటి నీకు బాగా నచ్చిన నాటకం మీద, రెండోది నచ్చినా లోపాలున్న నాటకం మీద, మూడోది ఇంతవరకూ నాటకం కాని కథ మీద, నాలుగోది పూర్తిగా సొంత కథతో. ఏళ్ళ తరబడి రాశాడు. ఒక్కటీ బ్రాడ్‌వే ఎక్కలేదు, మూడోది అయితే పూర్తే కాలేదు. ఎక్కవని తెలిసీ రాశాడు.

ఇంకోటి. మీరన్న ఆ అదృష్టం జిమ్మీకి ఇంకా ఎక్కువ కదా, సొంత తండ్రి. ఆయన డైరెక్టరూ నిర్మాతా అయ్యాడు, సంతోషం, కానీ సోండ్‌హైమ్ కాలేదు. గాలి ఇద్దరూ ఒకటే పీల్చారు.

నల్లమెట్లు:
నా ఓటు టీచరమ్మ గారికే. పాటలు రాసిన ఇర్వింగ్ బెర్లిన్‌కి ఏ పక్కింటి పెద్దాయన ఉన్నాడు? 1888లో పుట్టాడు, ఐదేళ్ళప్పుడు రష్యా సామ్రాజ్యం నుంచి ఓడలో వచ్చారు, తండ్రి పోయాక చదువు మానేసి వీధిలో పేపర్లు అమ్మాడు, హోటల్లో పాటలు పాడుతూ వడ్డించాడు. స్వరాలు చదవడం రాదు. పియానో మీద ఎక్కువగా నల్ల మెట్లే వాయించేవాడు, శ్రుతి మార్చడానికి మీట ఉన్న ప్రత్యేకమైన పియానో పెట్టుకున్నాడు. (నా పేరు అందుకే.) 1911లో 'అలెగ్జాండర్స్ రాగ్‌టైమ్ బ్యాండ్'తో దేశమంతా తెలిసిపోయాడు.

మూడోగంట:
నల్లమెట్లు అన్నా, బెర్లిన్ కాలం వేరు. అప్పుడు పాట విడిగా అమ్ముడుపోయేది. న్యూయార్క్‌లో టిన్ పాన్ ఆలీ అని పాటల పబ్లిషర్లందరూ ఒక్కచోటే ఉండేవాళ్ళు, నడుచుకుంటూ వెళ్ళి వినిపించవచ్చు, నచ్చితే అచ్చేస్తారు. సోండ్‌హైమ్ నాటికి పాట కథలోంచి పుట్టాలి, దానికి నిర్మాత కావాలి, థియేటర్ కావాలి, డబ్బు పెట్టేవాళ్ళు కావాలి. గది తలుపు లోపల్నుంచి ఎవరో ఒకరు తీస్తేనే.

తలుపులు ఎలా తెరుచుకున్నాయో చూడండి. విలియమ్స్ కాలేజీలో చదివి 1950లో బయటికొచ్చాడు, బహుమతిగా వచ్చిన డబ్బుతో రెండేళ్ళు స్వరకర్త మిల్టన్ బాబిట్ దగ్గర సంగీతం. తర్వాత హాలీవుడ్‌లో 'టాపర్' అనే టీవీ సీరియల్‌కి స్క్రిప్టులు. తర్వాత ఒక పార్టీకి వెళ్ళాడు, అక్కడ రచయిత ఆర్థర్ లారెంట్స్ కనపడి 'రోమియో జూలియట్' కథని మ్యూజికల్‌గా చేస్తున్నామన్నాడు, మాటలెవరు రాస్తున్నారని ఇతను అడిగాడు, రాయాల్సినవాళ్ళు సినిమా పనిలో ఇరుక్కున్నారు. బెర్న్‌స్టైన్‌కి పాటలు వినిపించాడు. అయిపోయింది, 'వెస్ట్ సైడ్ స్టోరీ', 1957, వయసు 27. ఆ పార్టీకి మనల్ని ఎవరు పిలుస్తారండీ? మీరు చెప్పిన హామర్‌స్టైన్ కూడా ఊరికే రాలేదు, తాత థియేటర్లు కట్టించినవాడు, పెదనాన్న నిర్మాత, థియేటర్‌లో మొదటి ఉద్యోగం ఆ పెదనాన్నే ఇచ్చాడు.

లెక్కలమాస్టారు:
ఇంకా "పక్కింటి" అనే ఉంది శీర్షికలో. చిన్న విషయం కాదిది. పక్కిల్లు అంటే అది యాదృచ్ఛికం. మైళ్ళ దూరం అంటే ఆ పిల్లాడు రోజూ సైకిలో మరోటో పట్టుకుని పనిగట్టుకుని వెళ్ళాలి. మీ వాదనంతా ఆ ఒక్క మాట మీద నిలబెట్టారు.

మూడోగంట:
మాస్టారూ, దండం. మైళ్ళే. సరేనా.

అరటితొక్క:
సైకిల్ మీద వెళ్ళాడని ఎక్కడుంది 😀

టీచరమ్మ:
పార్టీ పార్టీ అంటున్నారు. లారెంట్స్ అంతకుముందే ఇతని పాటలు విన్నాడు, అందుకే పార్టీలో ఆ మాట సాగింది. విన్నది ఏ పాటలు? 'సాటర్‌డే నైట్' అనే మ్యూజికల్‌వి. దాన్ని నిర్మించాల్సిన లెమ్యుయల్ ఎయిర్స్ 1955లో చనిపోయాడు, నాటకం అటకెక్కింది. 1997లో లండన్‌లో గానీ వేయలేదు. నలభై రెండేళ్ళు! అదృష్టం గురించి రాసేటప్పుడు జమా పక్కన ఖర్చు కూడా రాయాలి.

తను సంగీతం రాసేవాడు, వట్టి మాటలు రాయమంటే ఇష్టం లేదు. హామర్‌స్టైన్ సలహా మీద ఒప్పుకున్నాడు. 1959లో 'జిప్సీ'కి సంగీతం కూడా తనదే అనుకున్నారు, హీరోయిన్ ఎథెల్ మెర్మన్ కొత్తవాడు వద్దంది, మళ్ళీ మాటలే. మాటలూ సంగీతమూ రెండూ తనవిగా బ్రాడ్‌వే మీద మొదటిది 1962లో వచ్చింది, అప్పటికి హామర్‌స్టైన్ పోయి రెండేళ్ళు. దానికి ఉత్తమ మ్యూజికల్‌గా టోనీ (బ్రాడ్‌వే నాటకాలకిచ్చే పెద్ద అవార్డు) వచ్చింది, ఈయన సంగీతానికి కనీసం నామినేషన్ రాలేదు. 1964లో 'ఎనీవన్ కెన్ విజిల్' తొమ్మిది ఆటలకే మూతపడింది. నిలదొక్కుకున్నది 1970లో, 'కంపెనీ'తో. పెద్దాయన మధ్యాహ్నం పాఠం చెప్పిన 25 ఏళ్ళకి.

తన పని మీద తనకి ఎంత కోపమో చూడండి. 'వెస్ట్ సైడ్ స్టోరీ'లో మరియా అద్దం ముందు పాడే పాట ఉంది కదా. చదువు లేని ప్యూర్టోరికో పిల్ల అలాంటి నాజూకు ప్రాసలతో పాడుతుందా అని తోటి రచయిత ఒకాయన ఎత్తిచూపితే, ఆ పాట గురించి జీవితాంతం సిగ్గుపడ్డాడు. పాత్ర నోటికి తగ్గ మాట రాయమని హామర్‌స్టైన్ నేర్పిన మొదటి పాఠమే అది. ఇక్కడ మనవాళ్ళు రాసిన పాటలో ఒక్క మాట మార్చమంటే నెల రోజులు మాట్లాడరు. నాకు తెలుసు, పాతికేళ్ళుగా పిల్లలతో నాటకాలు వేయిస్తున్నాను.

అరటితొక్క:
అయ్యో నాకు ఆ పాటే ఇష్టం

నల్లమెట్లు:
ఆ పాట సంగతి నేనొప్పుకోను. ప్రేమలో పడ్డ పిల్ల తను కానిదాన్ని అనుకుని పాడుకుంటోంది, నాజూకుగానే పాడుతుంది. రచయిత చెప్పాడని తప్పయిపోతుందా?

మూడోగంట:
పాటని వదిలేయండి. "మనవాళ్ళు నెల రోజులు మాట్లాడరు" అన్నది ఎవరి గురించో అందరికీ తెలియకపోయినా నాకు తెలుసు, మీకూ తెలుసు. రెండేళ్ళ క్రితం ఇక్కడే నా సంగీత నాటకం పెట్టాను, మూడేళ్ళు రాసింది, పాటలన్నీ నావే. తమరు ఇచ్చిన జవాబు మొత్తం ఇంతే: "చదివాను. బాగోలేదు. పాటలు కథని ఆపేస్తున్నాయి." మూడు ముక్కలు. దాని కింద ఎనిమిది మంది బొటనవేలు ఎత్తారు. మళ్ళీ ఇక్కడికొచ్చి హామర్‌స్టైన్ ఎంత నిజాయితీగా చెత్త అన్నాడో అని పాఠం చెప్తున్నారు. ఆయన చెత్త అన్నాక ఒక మధ్యాహ్నం ఇచ్చాడమ్మా. మీరు మొదటి సగం నేర్చుకుని రెండో సగం వదిలేశారు.

కష్టపడలేదని నేను సోండ్‌హైమ్‌ని అనలేదు. కష్టం ఎటు పెట్టాలో చెప్పేవాడు దొరికాడు అంటున్నాను. అది దొరకనివాడు పడ్డ కష్టాన్ని ఏమంటారు? మా తమ్ముడైతే దాన్ని ప్రతిభ లేకపోవడం అంటాడు.

లెక్కలమాస్టారు:
కాస్త నెమ్మది.

టీచరమ్మ:
గుర్తుంది. నూట నలభై పేజీలు. రాత్రి పదకొండుకి, ఫోన్‌లో, మొత్తం చదివాను. ఆ బొటనవేళ్ళలో ఎంతమంది చదివారో కనుక్కోండి. పాటలు కథని ఆపేస్తున్నాయన్నది తిట్టు కాదు, మీ నాటకంలో ఉన్న అసలు జబ్బు అదొక్కటే. దాన్ని ఒక్క వాక్యంలో పట్టుకోవడానికి నాకు రెండు రాత్రులు పట్టింది. మీరు మళ్ళీ ఒక్క ప్రశ్న అడగలేదు. ఎందుకు అని అడిగుంటే చెప్పేదాన్ని.

అడక్కపోయినా కూర్చోబెట్టి చెప్పాలంటారా? చెప్పి చూశాను. ఒక అబ్బాయికి మూడు ఆదివారాలు ఇచ్చాను, వాళ్ళ నాన్న ఫోన్ చేసి మావాడి ధైర్యం చంపేశావని తిట్టాడు. ఇంకో అమ్మాయి నేను మార్చిన సీన్లన్నీ అలాగే ఉంచుకుని, పోటీలో నెగ్గి, వేదిక మీద అందరి పేర్లూ చెప్పి నా పేరు మింగేసింది. హామర్‌స్టైన్ మధ్యాహ్నం ఇచ్చింది తన ఇంట్లో తిని తిరిగే పిల్లాడికి. దారిన పోయేవాళ్ళందరికీ ఇచ్చి ఉంటే ఆయన 'ఓక్లహోమా' ఎప్పుడు రాసుకునేవాడు?

మూడోగంట:
అదే నేను మొదట్నుంచీ చెప్తోంది! ఇంట్లో తిని తిరిగే పిల్లాడికి దొరికింది. దారిన పోయేవాడికి దొరకలేదు.

టీచరమ్మ:
మీరు చెప్తోంది అదృష్టం అని. నేను చెప్తోంది ఇచ్చేవాళ్ళకి కూడా ఒళ్ళుంటుంది, అలిసిపోతుంది అని. రెండూ ఒకటి కాదు.

నల్లమెట్లు:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి, ఇందాక మీ వైపు ఓటేశాను గానీ టీచరమ్మ గారూ, సోండ్‌హైమ్ మాత్రం దారిన పోయేవాళ్ళకీ ఇచ్చాడు. ముక్కూ మొహం తెలియని కుర్రాళ్ళు ఉత్తరం రాస్తే టైపు చేసి జవాబు పంపేవాడు. జోనాథన్ లార్సన్ అలాగే దగ్గరయ్యాడు. నటుడివి కావద్దు, సంగీతం రాసుకో అని సలహా ఇచ్చాడు. ఆ లార్సన్ పదేళ్ళ పాటు హోటల్లో వడ్డిస్తూ రాశాడు. 1996 జనవరి 25న, తన మ్యూజికల్ 'రెంట్' మొదటి ప్రదర్శన రోజు తెల్లవారుజామున పోయాడు, 35 ఏళ్ళకి. తర్వాత అది బ్రాడ్‌వే మీద 12 ఏళ్ళు ఆడింది. ఇప్పుడు ఇది అదృష్టమో ప్రతిభో మీరే చెప్పండి, నాకు తెలియడం లేదు.

అరటితొక్క:
ఇది చదివి ఏడుపొచ్చింది.

టీచరమ్మ:
మూడోగంట గారూ, ఇంకొకటి మీ వాదనకే పనికొస్తుంది, చెప్పకుండా ఉండలేను. హామర్‌స్టైన్ ఇంటితో పరిచయం వచ్చింది ఆ అమ్మ ద్వారానే. ఆవిడతో ఇతనికి చచ్చేంత వైరం. ఒకసారి ఆపరేషన్‌కి వెళ్తూ, నిన్ను కన్నందుకు తప్ప జీవితంలో నాకు వేరే బాధ లేదని కొడుక్కి ఉత్తరం రాసి పంపింది. ఇతను ఆవిడ అంత్యక్రియలకి వెళ్ళలేదు. కానీ ఆ పొలం ఆవిడ కొన్నదే.

ఆ ఫైలు ఉందా?

మూడోగంట:
మీ జవాబు చదివిన రాత్రే తీసేశాను. మొదటి అంకం ఒక్కటి మా తమ్ముడి మెయిల్లో ఉండిపోయింది.

పంపను.

టీచరమ్మ:
నేను అడగలేదు. ఉందా అన్నాను.

మూడోగంట:
ఎందుకు ఆపేస్తున్నాయి?

టీచరమ్మ:
ఏ పాట గురించి? మొదటి అంకంలో ఆరున్నాయి.

మూడోగంట:
రెండోది. బావి దగ్గరది.

టీచరమ్మ:
ఆ అమ్మాయి పాట మొదలుపెట్టేటప్పటికే ఊరు వదిలి వెళ్ళాలని తేల్చేసుకుంది. తేల్చుకున్నాక ఇక పాడటానికేముంది, నాలుగు చరణాలూ అదే చెప్తోంది. తేల్చుకోకముందు పాడించండి. ఇప్పుడు బడికి టైమైంది, మిగతా ఐదు సాయంత్రం.

లెక్కలమాస్టారు:
శీర్షిక ఇంకా మార్చలేదు.