హైవే మీద ప్రమాదకరంగా నడిపే లారీ గురించి ముందు 112కి చెప్పాలా, 1033కా?

నరసన్నపేట నుంచి టెక్కలి వెళ్లే హైవే మీద రాత్రిపూట కొన్ని గ్రానైట్ లారీలను చూస్తే భయమేస్తోంది. మొన్న ఒకదానికి వెనక లైట్లే లేవు. రాయికి కట్టిన గొలుసు వదులై రోడ్డుకు రాసుకుంటూ నిప్పురవ్వలు లేస్తున్నాయి. అది అటూ ఇటూ ఊగుతుంటే పక్కనే జనంతో నిండిన ఆటో. గుండె ఆగినంత పనైంది.

పోలీసులకు 112, జాతీయ రహదారుల సాయానికి 1033 ఉన్నాయని తెలుసు. కానీ బండి కదులుతూనే ఉంటుంది కదా, ముందు దేనికి చేయాలి? నంబర్ ప్లేటు మట్టి కొట్టుకుపోయి కనబడకపోతే కిలోమీటరు రాయి, వెళ్తున్న దిక్కు చెబితే సరిపోతుందా? ఫోన్ చేసినవాళ్లను తర్వాత స్టేషన్‌కు పిలుస్తారా? మా నాన్నగారు రోజూ డ్యూటీ దిగి ఆ దారిలోనే బైక్ మీద వస్తారు, అందుకే ఇంత టెన్షన్. ఇలా ఫోన్ చేసినవాళ్లు, ముఖ్యంగా మన శ్రీకాకుళం వాళ్లు, ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.